మూలకం ఏ గ్రూపుదో తేల్చడం ఎలా: పరమాణు సంఖ్య నుంచి పట్టికలో గడి దాకా

ఆవర్తన పట్టికను బట్టీ పట్టినవాళ్లకు మొదటి ఇరవై మూలకాల దాకా ఇబ్బంది ఉండదు. టంగ్‌స్టన్ ఏ గ్రూపు, సీసం ఏ గ్రూపు, 72వ మూలకం ఏ గ్రూపు అని అడిగితేనే తడుముకుంటారు. ఏడు అంకెలు గుర్తుపెట్టుకుంటే 118 మూలకాల్లో దేనికైనా గ్రూపు (నిలువు వరుస), పీరియడ్ (అడ్డు వరుస) అర నిమిషంలో చెప్పొచ్చు. అయితే పని అక్కడితో పూర్తి కాదు. లెక్కలో వచ్చిన జవాబును ఎలక్ట్రాన్ విన్యాసంతో, అంటే పరమాణువులో ఎలక్ట్రాన్ల అమరికతో, రసాయన గుణాలతో సరిచూసుకోవడం రావాలి. లెక్క ఒకటి చెప్పి గుణం మరొకటి చెబితే దేన్ని నమ్మాలో కూడా తెలియాలి. గ్రూపు కట్టడం నిజంగా వచ్చిందా లేదా అన్నది ఈ చివరి విషయంలోనే బయటపడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

ముందుగా గ్రూపు సంఖ్యల సంగతి

ఇప్పుడు వాడుకలో ఉన్నవి 1 నుంచి 18 వరకు ఉన్న సంఖ్యలు. శుద్ధ, అనువర్తిత రసాయనశాస్త్ర అంతర్జాతీయ సంఘం, అంటే ఐయుపిఎసి, 1980ల చివర్లో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. అంతకుముందు రోమన్ అంకెలకు ఎ, బి అక్షరాలు తగిలించేవారు. చిక్కేమిటంటే అమెరికా పుస్తకాల్లో ఒక రకంగా, యూరప్ పుస్తకాల్లో మరో రకంగా తగిలించేవారు. క్లోరిన్ అమెరికా పద్ధతిలో 7ఎ, పాత యూరప్ పద్ధతిలో 7బి. మాంగనీస్‌కు సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. మన పాత ఇంటర్ పుస్తకాల్లో కనిపించే ఎ, బి లు ఎక్కువగా అమెరికా పద్ధతివే.

ఆ పద్ధతి నుంచి కొత్త సంఖ్యకు మార్చడం తేలిక. 1ఎ, 2ఎ లు 1, 2 గానే ఉంటాయి. 3ఎ నుంచి 7ఎ వరకు ఉన్నవాటికి 10 కలపాలి. అంటే 3ఎ అంటే 13, 7ఎ అంటే 17. సున్నా గ్రూపు లేదా 8ఎ అంటే 18. 3బి నుంచి 7బి వరకు అంకె మారదు. 8 అని ఒకే పేరుతో ఉన్న మూడు నిలువు వరుసలు ఇప్పుడు 8, 9, 10. ఇక 1బి అంటే 11, 2బి అంటే 12. పాత పుస్తకంలో చూసి "అల్యూమినియం మూడో గ్రూపు" అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పటి లెక్కలో మూడో గ్రూపు స్కాండియంది, అల్యూమినియం 13వ గ్రూపుకు చెందుతుంది. పుస్తకం తెరవగానే అది ఏ పద్ధతిలో ఉందో చూసుకోకపోతే మిగతా లెక్కంతా సరిగ్గా చేసినా జవాబు తప్పుతుంది.

మొదటి మెట్టు: ఏడు అంకెలు

2, 10, 18, 36, 54, 86, 118. ఇవి 18వ గ్రూపు మూలకాల పరమాణు సంఖ్యలు: హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్, ఒగనెస్సాన్. ఒక్కోటి ఒక్కో పీరియడ్‌కు చివరి గడి. గుర్తు రాకపోతే తేడాలతో కట్టుకోవచ్చు. 2తో మొదలుపెట్టి 8, 8, 18, 18, 32, 32 కలుపుతూ పోతే మిగతా ఆరూ వస్తాయి. ఈ తేడాలు పీరియడ్ల పొడవులే.

రెండో మెట్టు: తీసివేత

ఇచ్చిన పరమాణు సంఖ్య ఆ ఏడింటిలో ఒకటైతే మూలకం 18వ గ్రూపుది, ఇక చేయాల్సిందేమీ లేదు. కాకపోతే ఆ సంఖ్య ఏ రెండు అంకెల మధ్య పడిందో చూడాలి. పై అంకె వరుసలో ఎన్నోదైతే పీరియడ్ అంత. 74 అనే సంఖ్య 54కూ 86కూ మధ్య ఉంది, 86 ఆరో అంకె, కాబట్టి ఆరో పీరియడ్.

ఇప్పుడు గ్రూపు. కింది అంకె కంటే 1 గాని 2 గాని ఎక్కువుంటే గ్రూపు కూడా అదే, 1 లేదా 2. మొదటి పీరియడ్‌కు కింది అంకెను సున్నా అనుకోవాలి. అంతకంటే ఎక్కువ తేడా ఉంటే లెక్కను పై అంకె వైపు నుంచి చేయాలి. పై అంకెలోంచి పరమాణు సంఖ్య తీసేసి, వచ్చినదాన్ని 18లోంచి తీసేస్తే మిగిలేదే గ్రూపు. మిగిలింది 3 కంటే తక్కువైతే ఆ మూలకం ఎఫ్ బ్లాకుది. అది పట్టిక అడుగున విడిగా ఉండే రెండు వరుసల్లో ఉంటుంది, దానికి గ్రూపు సంఖ్య ఉండదు.

కొన్ని చేసి చూద్దాం. గంధకం 16: పై అంకె 18, తేడా 2, 18లోంచి 2 పోతే 16వ గ్రూపు. అల్యూమినియం 13: తేడా 5, 13వ గ్రూపు. ఇనుము 26: 36లోంచి 26 పోతే 10, 18లోంచి 10 పోతే 8వ గ్రూపు. టంగ్‌స్టన్ 74: 86లోంచి పోతే 12, ఆరో గ్రూపు. బంగారం 79: తేడా 7, 11వ గ్రూపు. సీసం 82: తేడా 4, 14వ గ్రూపు. బేరియం 56: 54 కంటే 2 ఎక్కువ, రెండో గ్రూపు. సీరియం 58: 86లోంచి పోతే 28, 18లోంచి 28 తీస్తే రుణ సంఖ్య వస్తుంది, కాబట్టి ఎఫ్ బ్లాకు.

కుడి వైపు నుంచి ఎందుకు లెక్కించాలన్నది అర్థం చేసుకోవడం ముఖ్యం. రెండు, మూడు పీరియడ్లలో ఎనిమిదేసి గడులే ఉన్నాయి, మధ్యలో పది గడులు ఖాళీ. నాలుగు, అయిదులో పద్దెనిమిదేసి. ఆరు, ఏడులో ముప్పై రెండేసి ఉంటాయి, అందులో పద్నాలుగు కిందికి తీసి పెట్టినవి. ఏ పీరియడ్ అయినా ఎడమ అంచు, కుడి అంచు మాత్రం కచ్చితంగా ఒకదాని కింద ఒకటి పడతాయి. అందుకే అంచు నుంచి లెక్కిస్తే తప్పు రాదు. ఎడమ నుంచే లెక్కించేవాళ్లు బంగారానికి 79లోంచి 54 తీసి "25వ గ్రూపు" దగ్గర ఆగిపోతారు. అందులోంచి పద్నాలుగు తీయాలన్నది ఆరు, ఏడు పీరియడ్లకే గుర్తుంచుకోవాలి, అలాగే రెండు, మూడు పీరియడ్లలో పది కలపాలన్నది విడిగా గుర్తుంచుకోవాలి. ఇన్ని మినహాయింపులు పెట్టుకోవడం కంటే కుడి అంచు పద్ధతి నయం.

మూడో మెట్టు: ఎలక్ట్రాన్ విన్యాసంతో సరిచూడటం

తీసివేత జవాబు చెబుతుంది గాని కారణం చెప్పదు. కారణం బయటి ఎలక్ట్రాన్లలో ఉంది. ఎలక్ట్రాన్లుండే పొరలను కర్పరాలు, వాటిలోని భాగాలను ఉపకర్పరాలు అంటారు. ఉపకర్పరాలు నిండే వరుస ఇది: 1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్, 5ఎఫ్, 6డి, 7పి. ఎస్ లో 2, పి లో 6, డి లో 10, ఎఫ్ లో 14 ఎలక్ట్రాన్లు పడతాయి.

చివరి ఎలక్ట్రాన్ ఎస్ లో పడితే ఆ ఎస్ ఎలక్ట్రాన్ల సంఖ్యే గ్రూపు. పి లో పడితే 10కి బయటి ఎస్, పి ఎలక్ట్రాన్లు కలపాలి. డి లో పడితే బయటి ఎస్, దాని లోపలి డి ఎలక్ట్రాన్లు కలపాలి.

సెలీనియం పరమాణు సంఖ్య 34. ఆర్గాన్ దాకా 18 పోగా 16 మిగిలాయి. వాటిని 4ఎస్², 3డి¹⁰, 4పి⁴ అని నింపుతాం. చివరిది పి, కాబట్టి 10 + 2 + 4 = 16వ గ్రూపు. తీసివేతలో 36 − 34 = 2, 18 − 2 = 16. రెండూ కలిశాయి. టంగ్‌స్టన్‌కు జినాన్ తర్వాత 20 ఎలక్ట్రాన్లు మిగులుతాయి: 6ఎస్², 4ఎఫ్¹⁴, 5డి⁴. ఎస్, డి కలిపితే 6. నిండిపోయిన 4ఎఫ్ ను లెక్కలోకి తీసుకోకూడదు. దాన్ని కలిపి 20 అని రాయడం తరచుగా కనిపించే పొరపాటు.

క్రోమియం, రాగి పేరు చెప్పగానే విద్యార్థులు కంగారుపడతారు. క్రోమియం విన్యాసం 3డి⁴ 4ఎస్² కాదు, 3డి⁵ 4ఎస్¹. రాగిది 3డి¹⁰ 4ఎస్¹. ఈ మినహాయింపులు పరీక్షల్లో పనికొస్తాయి గాని గ్రూపు కట్టడానికి అడ్డం రావు. ఎలక్ట్రాన్ 4ఎస్ నుంచి 3డి లోకి జరిగినా మొత్తం మారదు. క్రోమియం 5 + 1 = 6, రాగి 10 + 1 = 11. పల్లాడియంలో మాత్రం ఒక ఉచ్చు ఉంది. దాని బయటి విన్యాసం 4డి¹⁰, 5ఎస్ పూర్తిగా ఖాళీ. గ్రూపు 10 అని సరిగ్గానే వస్తుంది. కానీ "అతి పెద్ద కర్పరం సంఖ్యే పీరియడ్" అన్న సూత్రం పట్టుకుంటే నాలుగో పీరియడ్ అనిపిస్తుంది. నిజానికి పల్లాడియం అయిదో పీరియడ్‌ది. పరమాణు సంఖ్య 46, అంటే 36కూ 54కూ మధ్య. పీరియడ్‌ను విన్యాసం నుంచి కాక ఏడు అంకెల నుంచే తేల్చడం క్షేమం.

మరో ఉచ్చు అయాన్లు. ఫెర్రస్ అయాన్‌లో 24 ఎలక్ట్రాన్లు ఉంటాయి, క్రోమియం పరమాణువులోనూ 24. ఎలక్ట్రాన్లు లెక్కపెట్టి దాన్ని ఆరో గ్రూపులో వేస్తే తప్పు. గ్రూపును నిర్ణయించేది కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. ప్రశ్నలో అయాన్ ఇస్తే ముందు ఆవేశాన్ని సవరించి తటస్థ పరమాణువుకు రావాలి. రెండు ధనావేశాలుంటే రెండు ఎలక్ట్రాన్లు తిరిగి కలపాలి, రుణావేశముంటే తీసేయాలి. ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాలి.

నాలుగో మెట్టు: పరమాణు సంఖ్య చూడకుండా గ్రూపు కట్టడం

ఇది చేసి చూడనిదే గ్రూపు అంటే ఏమిటో ఒంటబట్టదు. 1869లో ఆవర్తన పట్టికను కట్టిన రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ చేతిలో ఉన్నవి సుమారు 63 మూలకాలు, వాటి పరమాణు భారాలు, సమ్మేళనాల సూత్రాలు మాత్రమే. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. అదే పనిని చిన్న మేర మనమూ చేయొచ్చు. తరగతి గదిలోనైతే ఒక క్లాసు సమయం సరిపోతుంది.

కావలసినవి 29 అట్టముక్కలు, ఒక్కోటి 5 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల పొడవు. హైడ్రోజన్ నుంచి బ్రోమిన్ వరకు ఉన్న 35 మూలకాల్లోంచి 1869 నాటికి పట్టికలో చోటు లేని ఆరింటిని తీసేయాలి: హీలియం, నియాన్, ఆర్గాన్, స్కాండియం, గాలియం, జెర్మేనియం. ఒక్కో ముక్క మీద మూడే వివరాలు రాయాలి: పరమాణు భారం, అత్యధిక ఆక్సైడ్‌లో మూలకానికీ ఆక్సిజన్‌కూ ఉన్న నిష్పత్తి, హైడ్రైడ్‌లో, అంటే హైడ్రోజన్‌తో ఏర్పడే సమ్మేళనంలో, ఒక్క పరమాణువుకు ఎన్ని హైడ్రోజన్లు. పరమాణు సంఖ్య ఎక్కడా రాయకూడదు. మూలకం పేరు వెనక వైపు రాస్తే ఇంకా మంచిది.

ముక్కలను భారం ప్రకారం వరుసగా పేర్చాలి. హైడ్రోజన్‌ను పక్కన పెట్టి, లిథియం నుంచి ఫ్లోరిన్ దాకా ఏడింటిని ఒక అడ్డు వరుసలో వేయాలి. సోడియం దగ్గరికి వచ్చేసరికి ఆక్సైడ్ నిష్పత్తి మళ్లీ లిథియంలాగే 2:1 అవుతుంది, కాబట్టి కింది వరుస మొదలుపెట్టాలి. నిష్పత్తులు ఇలా నడుస్తాయి: మొదటి నిలువు వరుసలో 2:1, తర్వాత 1:1, 2:3, 1:2, 2:5, 1:3, 2:7. ఆక్సిజన్‌కూ ఫ్లోరిన్‌కూ ఆక్సైడ్ పనికిరాదు, అక్కడ హైడ్రైడ్ చూడాలి. ఒక ఆక్సిజన్‌కు రెండు హైడ్రోజన్లు, 8లోంచి 2 పోతే ఆరో వరుస. ఫ్లోరిన్‌కు ఒకటి, కాబట్టి ఏడో వరుస.

అసలు పరీక్ష మూడో అడ్డు వరుసలో ఎదురవుతుంది. పొటాషియం, కాల్షియం సరిగ్గా కూర్చుంటాయి. తర్వాతి ముక్క టైటానియం, భారం సుమారు 48. వరుస ప్రకారం వేస్తే అది అల్యూమినియం కింద పడుతుంది. కానీ దాని ఆక్సైడ్ నిష్పత్తి 1:2, అది సిలికాన్ కింద ఉండాలి. ఇక్కడ ఒక గడి ఖాళీ వదలాలి. ఖాళీ వదలకుండా బలవంతంగా పేర్చినవాళ్లకు ఆ తర్వాతి వెనేడియం, క్రోమియం, మాంగనీస్ అన్నీ ఒక్కో గడి తప్పుతాయి. ఖాళీ వదిలితే 2:5, 1:3, 2:7 చక్కగా కుదురుతాయి. ఇనుము, కోబాల్ట్, నికెల్ మూడింటినీ ఎనిమిదో వరుసలో ఒకే చోట పెట్టి, రాగితో మళ్లీ మొదటి వరుసకు రావాలి. జింకు రెండో వరుస. దాని భారం 65, తర్వాతి ముక్క ఆర్సెనిక్ భారం 75. ఆర్సెనిక్ ఆక్సైడ్ 2:5, కాబట్టి అది అయిదో వరుసకు వెళ్లాలి. మధ్యలో రెండు గడులు ఖాళీగా మిగులుతాయి.

పేర్చడం ముగిసేసరికి మూడు ఖాళీలు కనిపిస్తాయి. మెండలీవ్ వదిలిన ఖాళీలూ ఇవే. సిలికాన్ కింది ఖాళీలో పడే మూలకానికి భారం 72, సాంద్రత 5.5 ఉంటాయని ఆయన ముందే రాసిపెట్టాడు. 1886లో జర్మనీలో వింక్లర్ జెర్మేనియం కనుక్కున్నాడు. దాని భారం 72.6, సాంద్రత 5.3. గాలియం 1875లో, స్కాండియం 1879లో దొరికాయి. గాలియం సాంద్రతను దాన్ని కనుక్కున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్వాబోద్రాన్ మొదట 4.7 అని కొలిచినప్పుడు, అది 5.9 దాకా ఉండాలి, నమూనాను శుద్ధి చేసి మళ్లీ చూడమని మెండలీవ్ చెప్పాడు. మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. గ్రూపు అన్న భావనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం మరొకటి లేదని మా అభిప్రాయం.

ఈ అభ్యాసంలో రెండు చోట్ల తడబాటు తప్పదు. ఇప్పటి భారాలు రాస్తే నికెల్ 58.69, కోబాల్ట్ 58.93, అంటే నికెల్ ముందుకు వస్తుంది. టెల్లూరియం 127.6, అయోడిన్ 126.9 దగ్గరా ఇదే తంటా. మెండలీవ్ గుణాలను నమ్మి అయోడిన్‌ను తర్వాత పెట్టాడు, టెల్లూరియం భారం తప్పు కొలిచి ఉంటారనుకున్నాడు. భారం సరైనదే, వరుసకు ఆధారం భారం అనుకోవడమే పొరపాటు. 1913లో మోస్లీ ఎక్స్ కిరణాల వర్ణపటాలతో అసలు ఆధారం పరమాణు సంఖ్య అని తేల్చాడు. రెండో తడబాటు ఏమిటంటే, భాస్వరం, వెనేడియం రెండిటి ఆక్సైడూ 2:5, అందుకే ఒకే నిలువు వరుసలో పడతాయి. హైడ్రైడ్ చూస్తే విడిపోతాయి. భాస్వరానికి మూడు హైడ్రోజన్లున్న వాయు హైడ్రైడ్, ఫాస్ఫీన్, ఉంది. వెనేడియంకు అలాంటి వాయు హైడ్రైడ్ లేదు. ఎనిమిది వరుసల పాత పొట్టి పట్టికలో ఒకే అంకె కింద ఎ, బి అని విడదీసింది ఇందుకే. పద్దెనిమిది వరుసల పట్టికలో ఒకటి 15, మరొకటి 5.

అయిదో మెట్టు: ప్రయోగశాలలో సరిచూడటం

రెండో గ్రూపు దీనికి అనువైనది, సోడియం ముక్కలతో ఉండే ప్రమాదం ఇందులో లేదు. మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం క్లోరైడ్ల 0.1 మోలార్ ద్రావణాలు తీసుకోండి. నాలుగు శుభ్రమైన పరీక్షనాళికల్లో ఒక్కోదాంట్లో 2 మిల్లీలీటర్లు పోసి, ప్రతిదానికీ రెండు చుక్కల విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపండి. ఆపైన ఒక్కోదానికి 2 మిల్లీలీటర్ల 0.1 మోలార్ సోడియం సల్ఫేట్ ద్రావణం కలిపి రెండు నిమిషాలు గమనించండి.

మెగ్నీషియం ద్రావణం తేటగానే ఉంటుంది. కాల్షియంలో ఏమీ కనిపించకపోవచ్చు, లేదా ఆలస్యంగా పలచని మసక రావచ్చు. స్ట్రాన్షియంలో తెల్లని అవక్షేపం నెమ్మదిగా ఏర్పడుతుంది. బేరియంలో కలిపిన క్షణమే దట్టమైన తెలుపు కనిపిస్తుంది. గ్రూపులో కిందికి దిగేకొద్దీ సల్ఫేట్ కరగడం తగ్గుతుంది. కాల్షియం సల్ఫేట్ లీటరు నీటిలో సుమారు 2 గ్రాములు కరిగితే, బేరియం సల్ఫేట్ సుమారు రెండున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. హైడ్రాక్సైడ్లతో చేస్తే వరుస తిరగబడుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ దాదాపు కరగదు, బేరియం హైడ్రాక్సైడ్ బాగా కరుగుతుంది. ఒకే గ్రూపు అంటే ఒకే గుణం అని కాదు, గుణం ఒక దిశలో క్రమంగా మారడం అని ఈ నాలుగు నాళికలు చూస్తే అర్థమవుతుంది.

ఇది పాడయ్యేది ఎక్కువగా నీళ్ల వల్ల. బోరు నీళ్లలో సల్ఫేట్లు, బైకార్బొనేట్లు ఉంటాయి. ఆ నీళ్లతో బేరియం క్లోరైడ్ ద్రావణం కలిపితే సల్ఫేట్ పోయకముందే మసకబారుతుంది. స్వేదన జలమే వాడాలి. ఆమ్లం చుక్కలు కలపమన్నది కార్బొనేట్ అవక్షేపాన్ని సల్ఫేట్‌గా పొరబడకుండా ఉండటానికి. కరిగే బేరియం లవణాలు విషం. పిపెట్‌ను నోటితో పీల్చకూడదు, పని కాగానే చేతులు కడుక్కోవాలి, మిగిలిన బేరియం ద్రావణంలో సోడియం సల్ఫేట్ ఎక్కువగా కలిపి అవక్షేపంగా మార్చాకే వేరుగా సేకరించాలి. అదే మూలకపు సల్ఫేట్ ఎంతగా కరగదంటే ఎక్స్ రే తీసేముందు రోగి చేత తాగిస్తారు. రాయలసీమలో మంగంపేట ముగ్గురాయి గనుల్లో తవ్వేది కూడా ఈ బేరియం సల్ఫేటే. దాని సాంద్రత 4.5 దాకా ఉండటంతో చమురు బావుల డ్రిల్లింగ్ బురదలో కలుపుతారు.

మొదటి గ్రూపుకు చేతి పరీక్ష కంటే అంకెల పరీక్ష చాలు. ద్రవీభవన స్థానాలు లిథియం 180.5, సోడియం 97.8, పొటాషియం 63.5, రుబీడియం 39.3, సీజియం 28.5 డిగ్రీల సెల్సియస్. వరుసగా తగ్గుతూ వచ్చాయి. సాంద్రతను పట్టుకుంటే మాత్రం వరుస తప్పుతుంది. సోడియంది 0.97, పొటాషియంది 0.86. ఒక్క గుణంతో గ్రూపును తేల్చకూడదనడానికి ఇది చాలు.

గుణాలతో సరిచూడటం 1, 2, 17, 18 గ్రూపుల్లో బాగా పనిచేస్తుంది. 13 నుంచి 16 వరకు జాగ్రత్త కావాలి. 14వ గ్రూపులో కర్బనం అలోహం, సిలికాన్, జెర్మేనియం అర్ధలోహాలు, తగరం, సీసం లోహాలు. "లోహం కాబట్టి ఈ గ్రూపులో ఉండదు" అని కొట్టేయడానికి వీల్లేదు. సంయోజకత కూడా కింద మారుతుంది. సీసం 4 కంటే 2 చూపడానికే ఇష్టపడుతుంది, థాలియం 3కు బదులు 1. బయటి ఎస్ ఎలక్ట్రాన్ల జంట బంధంలోకి రాకపోవడమే కారణం, దీన్నే జడ జంట ప్రభావం అంటారు. సంయోజకత 2 అని చూసి సీసాన్ని రెండో గ్రూపులో వేసేవాళ్లు ఈ ప్రభావాన్ని మరిచినవాళ్లే.

లెక్కా గుణమూ విడిపోయినప్పుడు

సంయోజకత ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో యురేనియం చూపించింది. థోరియంకు 4, ప్రొటాక్టినియంకు 5, యురేనియంకు 6 ఆక్సీకరణ స్థితులున్నాయి. అందుకని 1940ల దాకా వాటిని హాఫ్నియం, టాంటలం, టంగ్‌స్టన్ కింద, 4, 5, 6 గ్రూపుల్లో పెట్టారు. ఆ లెక్కన వాటి తర్వాతి మూలకాలు రీనియం, ఆస్మియంలలాగా ఉండాలి. నెప్ట్యూనియం, ప్లుటోనియం తయారుచేసి చూస్తే అవి యురేనియంలాగానే ప్రవర్తించాయి. ఇక్కడ నిండుతున్నది 5ఎఫ్ అని గ్రహించి గ్లెన్ సీబోర్గ్ ఆక్టినైడ్ వరుసను విడదీసి లాంథనైడ్ల (4ఎఫ్ నిండే వరుస) కింద పెట్టాడు. మన తీసివేతలో యురేనియం 92కు 118 − 92 = 26, 18 − 26 అంటే రుణ సంఖ్య. సూటిగా ఎఫ్ బ్లాకు అని వచ్చేస్తుంది.

72వ మూలకం కథ దీనికి ఎదురు. అది అరుదైన మృత్తికల్లో (లాంథనైడ్లుండే ఖనిజాల్లో) దొరకొచ్చని కొందరు వాటిలోనే వెతికారు. లెక్క ప్రకారం 86 − 72 = 14, 18 − 14 = 4, అంటే జిర్కోనియం కింద. నీల్స్ బోర్ విన్యాసం ఆధారంగా ఇదే చెప్పాడు. 1923లో కోపెన్‌హేగన్‌లో కాస్టర్, హెవెషీ జిర్కోనియం ఖనిజంలోనే దాన్ని పట్టుకుని హాఫ్నియం అని పేరు పెట్టారు. ఏ గ్రూపుదో తెలియడం వల్ల ఎక్కడ తవ్వాలో తెలిసింది.

ఈ జంటను మరికాస్త దగ్గరగా చూడాలి. మామూలుగా గ్రూపులో కిందికి పోతే పరమాణువు పెద్దదవుతుంది. జిర్కోనియం, హాఫ్నియం మాత్రం దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి, ఎందుకంటే మధ్యలో పద్నాలుగు లాంథనైడ్లు వచ్చి 4ఎఫ్ నిండింది. 4ఎఫ్ ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణను సరిగ్గా అడ్డుకోలేవు, కాబట్టి పరమాణువు కుంచించుకుపోతుంది. ఫలితంగా రెండిటి రసాయనం ఎంత దగ్గరిదంటే ప్రకృతిలో జిర్కోనియం ఉన్నచోటల్లా ఒకటి నుంచి మూడు శాతం దాకా హాఫ్నియం కలిసే ఉంటుంది. అణు రియాక్టర్‌కు ఇది పెద్ద చిక్కు. ఇంధన గొట్టాలకు జిర్కోనియం మిశ్రలోహం వాడేది అది న్యూట్రాన్లను దాదాపు పీల్చుకోదనే. హాఫ్నియం వాటిని కొన్ని వందల రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ ఇసుక నుంచి జిర్కోనియం తీసేటప్పుడు, ద్రావణి నిష్కర్షణ అనే పద్ధతిలో హాఫ్నియంను పనిగట్టుకుని వేరుచేస్తారు. ఒకే గ్రూపు అన్న మాటకు కర్మాగారంలో ఇంత ఖర్చుతో కూడిన అర్థం ఉంది. అయితే ఈ పోలిక ఎలక్ట్రాన్ల వరకే. న్యూట్రాన్లను పీల్చుకోవడం కేంద్రకం గుణం, గ్రూపుతో దానికి సంబంధం లేదు.

మూడో గ్రూపులో స్కాండియం, ఇట్రియం కింద ఏముండాలన్నది పాత వివాదం. కొన్ని పట్టికల్లో లాంథనం, ఆక్టినియం ఉంటాయి, మరికొన్నింటిలో లుటీషియం, లారెన్సియం. మన కుడి అంచు లెక్క రెండో జంటనే ఇస్తుంది: 86 − 71 = 15, 18 − 15 = 3. 2021లో ఐయుపిఎసి కార్యబృందం ప్రాథమిక నివేదికలో కూడా లుటీషియం వైపే మొగ్గింది. పరీక్ష రాసేవాళ్లు మాత్రం తమ పాఠ్యపుస్తకంలోని పట్టికనే అనుసరించాలి, అక్కడ చాలావరకు లాంథనమే ఉంటుంది.

హీలియం విన్యాసం 1ఎస్². విన్యాసం ఒక్కటే చూస్తే బెరీలియం పైన, రెండో గ్రూపులో ఉండాలి. కానీ దానికి మొదటి కర్పరం నిండిపోయింది, అయనీకరణ శక్తి (ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావలసిన శక్తి) మోల్‌కు 2372 కిలోజౌల్‌లు, మూలకాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ. కాబట్టి 18వ గ్రూపు. సూర్యకాంతిలో దీని జాడ దొరికిన 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించాడు. భూమి మీద రామ్సే 1895లో వేరుచేసి చూపాకే దాని గుణాలు తెలిసి, గ్రూపు తేలింది.

హైడ్రోజన్‌ను మొదటి గ్రూపులో రాయండి, కానీ క్షార లోహం అనకండి. దాని అయనీకరణ శక్తి 1312 కిలోజౌల్‌లు, లిథియంది 520 మాత్రమే. సోడియంతో కలిసినప్పుడు ఎలక్ట్రాన్‌ను తీసుకుని హైడ్రైడ్ అయాన్ అవుతుంది, అది 17వ గ్రూపు మూలకాలైన హేలోజన్ల పద్ధతి. విన్యాసం 1ఎస్¹ కావడం వల్లే మొదటి గ్రూపు గడి దక్కింది. జింకు, కాడ్మియం, పాదరసం 12వ గ్రూపు, డి బ్లాకు. వీటిని పరివర్తన మూలకాలని మాత్రం రాయకూడదు, సాధారణ అయాన్లలో డి ఉపకర్పరం పూర్తిగా నిండే ఉంటుంది కాబట్టి.

పట్టిక చివర్లో గుణాలతో సరిచూడటం సాధ్యం కాదు. ఒగనెస్సాన్ పరమాణువులు తయారైనవే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, అవీ సెకనులో వెయ్యో వంతు కూడా నిలవవు. 18వ గ్రూపు అని రాయడం పూర్తిగా పరమాణు సంఖ్యను బట్టే, అది వాయువు అనడానికి ఆధారం లేదు. 119, 120 ఇంకా తయారు కాలేదు. తయారైతే ఎనిమిదో పీరియడ్‌లో 1, 2 గ్రూపులకు వెళ్తాయి. 121 నుంచి ఈ తీసివేత పనిచేయదు, ఎనిమిదో పీరియడ్‌కు పై అంకె ఏదో ఇంకా స్థిరపడలేదు.